చెప్పుల మధ్య బూచి

జూన్ 3

కొత్త పుస్తకం. నీళ్ళ సీసాల వివరాలు, ఫోటోల వివరాలు మాత్రమే రాసుకోవాలని తెచ్చుకున్నాను. ఇంటి సంగతులు, ల్యాబు సంగతులు ఇందులోకి రాకూడదని మొదటి పేజీలోనే నాకు నేను చెప్పుకుంటున్నాను. ఎన్నాళ్ళు ఆగుతానో చూద్దాం.

సీసా 1: రైలు గేటు పక్కన గుంటలో నీళ్ళు. కుళ్ళిన ఆకులతో సహా ముంచుకొచ్చాను. గేటు మనిషి చూసి "ఆ నీళ్ళెందుకమ్మా, మా మేకలు కూడా తాగవు" అన్నాడు. తాగడానికి కాదంటే ఇంకా అనుమానంగా చూశాడు.

మైక్రోస్కోపు మన పాతదే. ల్యాబుకి రెండు కళ్ళవి కొత్తవి వచ్చినప్పుడు ఈ ఒంటికన్ను దాన్ని తుక్కులో వేస్తుంటే, నేను పని నేర్చుకున్నది దీని మీదేనని గొడవపడి ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన ఈ రోజు దానికి ఫోను బిగించే గొట్టం చేసిచ్చారు. పాత గోడగడియారం వెనక డబ్బా కోసి, లోపల మెత్తటి గుడ్డ అతికించి, టోపీలాగా కూర్చోబెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గడియారాలు బాగుచేసే మనిషి. కుడికంటికి భూతద్దం తగిలించుకుంటే ఇక పక్కన పిడుగు పడినా ఆయనకు పట్టదు. ల్యాబులో నేనూ అంతే. పెళ్ళయిన కొత్తలో మా అక్క అనేది: "మీ ఇద్దరికీ కలిపి రెండు కళ్ళు చాలు. మిగతా రెండూ ఎవరికైనా ఇచ్చెయ్యండి."

నీళ్ళలో చెప్పులు బోలెడు. పుస్తకాల్లో వాటిని పారమీసియం అంటారు. చెప్పు ఆకారంలో ఉంటాయి కాబట్టి నాకు చెప్పులే. ఒక చెప్పు నడుము దగ్గర నొక్కుకుపోయి, నొక్కుకుపోయి, రెండు చెప్పులవుతుంది. ఆ విడిపోయే క్షణం ఫోటో తియ్యాలి. ఇన్నేళ్ళూ గాజు మీద ఎండిన రక్తమే చూశాను. బతికున్నది ఒకటి రెండవడం ఒక్కసారి ఫోటో తీసి గోడకు తగిలించి, ఆ తరువాత రిటైర్ అవుతాను. ఇంకా మూడేళ్ళుంది.

జూన్ 8

సీసా 1. కొత్తది ఒకటి కనిపించింది. చెప్పు కాదు. గుండ్రంగా, రంగు లేకుండా, తడి వేలితో రుద్దిన బూడిద మరకలా ఉంది. దాని అంచుల దగ్గర ఉన్నవన్నీ కాస్త వంగినట్టు కనిపిస్తాయి. సరిగ్గా మధ్యలో కూర్చుంది. పుస్తకంలో వెతికాను, లేదు.

ఫోటోలు 14. ఒక్కదాంట్లోనూ అది పడలేదు.

జూన్ 9

మళ్ళీ ఉంది.

జూన్ 15

సీసా 2, వేరే గుంట. ఇందులోనూ ఉంది. దీనికి బూచి అని పేరు పెట్టాను.

ఒక చెప్పు దాని వైపు ఈదుకుంటూ వచ్చి మాయమైంది. రెండు క్షణాల తరువాత అవతలి వైపు నుంచి బయటపడి తన దారిన తాను పోయింది. మింగి, నచ్చక ఉమ్మేసిందన్నమాట. రాత్రి అన్నం దగ్గర ఆయనకు చెప్పాను. "ఉప్పు తక్కువై ఉంటుంది" అన్నారు, కూర వైపు చూస్తూ. కూరలో నిజంగానే ఉప్పు తక్కువైంది. అయినా మనిషి పొట్ట నిండా వెటకారం.

జూన్ 22

బూచికి సిగ్గు ఎక్కువ. కన్ను పెట్టి చూస్తే ఉంటుంది, ఫోను బిగిస్తే పోతుంది. మైక్రోస్కోపులో చూడాలంటే నేను అద్దాలు తీసెయ్యాలి. ఫోను పెట్టగానే మళ్ళీ అద్దాలు వెతుక్కుంటూ కూర్చుంటే అది పారిపోతుంది. అందుకని గుడ్డిగా టపటపా నొక్కేయడమే, తరువాత తీరిగ్గా చూసుకోవడమే. బూచి లేని ఫోటోలన్నిటినీ ఫోనులో 'తప్పినవి' అని ఒక మూలకు తోసేస్తున్నాను. ఇప్పటికి 97.

ఇంకో విచిత్రం. నేను ఎటు చూస్తే అది అటు వస్తుంది. నేనంటే ఇష్టం కాబోలు.

జూలై 2

ల్యాబులో కొత్త బ్యాచ్ వచ్చింది. ప్రతి ఏడూ చెప్పే పాఠమే చెప్పాను. మచ్చ కనిపిస్తే ముందు స్లైడు జరపండి. మచ్చ కదిలితే అది స్లైడు మీద ఉంది. కదలకపోతే కంటిగొట్టం తిప్పండి. మచ్చ తిరిగితే గొట్టంలో ఉంది. రెండో పాఠం: నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేది జీవి కాదు, గాలిబుడగ. దాని బొమ్మ గీసి నా దగ్గరికి తీసుకురావద్దు. అయినా ఒకమ్మాయి మధ్యాహ్నానికల్లా గీసి తెచ్చింది, రంగులు కూడా వేసి.

బూచి మీద ఈ పరీక్షలు చెయ్యలేదు. అవసరం లేదు. బతికున్న దానికి, దుమ్ముకీ తేడా తెలియనిదాన్నా నేను.

జూలై 11

ఏడాదికోసారి జరిగే కళ్ళ పరీక్ష. కళ్ళజోళ్ళాయన వచ్చి ల్యాబు వరండాలో చార్టు తగిలించాడు. ఇందులో తప్పితే మైక్రోస్కోపు దగ్గర కుర్చీ తీసేస్తారు, కౌంటర్లో చీటీలు రాయిస్తారు. పోయినేడు నాకంటే నాలుగేళ్ళు చిన్నదాన్ని అలాగే కౌంటరుకి పంపారు. పాపం ఇప్పటికీ మా గది ముందు నుంచి వెళ్ళదు, చుట్టూ తిరిగి వెళ్తుంది.

ఎడమ కన్ను ఆరో వరుస దాకా చదివాను. కుడి కన్ను కూడా ఆరో వరుస దాకా చదివాను. ఆ చార్టు పదిహేనేళ్ళుగా అదే చార్టు. నాకు నోటికి వచ్చు.

సర్టిఫికెట్ ఇచ్చాడు.

జూలై 12

జ్ఞాపకశక్తి బాగుండటం తప్పేమీ కాదు.

జూలై 20

సీసా 4, సీసా 5. ఫోటోలు 31. తప్పినవి 31.

ఆయన ఫ్రిజ్ తెరిచి సీసా 5 తీసి మూత తిప్పుతుంటే అటక మీది సామాను కింద పడేంత కేక పెట్టాను. ఇకనుంచి అన్నిటి మీదా 'తాగకూడదు' అని రాస్తాను. "మనింట్లో తాగేవాటి మీద రాస్తే సులువు, అవి రెండే" అన్నారు.

ఆగస్టు 4

ఆదివారం మధ్యాహ్నం. సీసా 6.

చెప్పులు పరుగెత్తకుండా స్లైడు మీద దూదిపోగులు వేసి దారులు మూశాను. లావుపాటి చెప్పు ఒకటి పోగుల మధ్య చిక్కుకుంది. అబ్బ, దొరికింది అనుకుని దాని వైపు చూశానో లేదో, బూచి వెళ్ళి దాని మీద కూర్చుంది. చెప్పు మాయం. నాలుగు నిమిషాలు చూశాను, గడియారం పెట్టుకుని మరీ. బయటికి రాలేదు. ఫోను బిగించి, ఆగి ఆగి పావుగంటలో ఇరవై నొక్కి మళ్ళీ కన్ను పెట్టాను. కాసేపటికి బూచి నోట్లోంచి చిన్నవి రెండు బయటికి వచ్చాయి, ఒకటి ఇటు, ఒకటి అటు.

ఒకటి మింగింది. రెండు ఉమ్మింది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

అద్దాలైనా పెట్టుకోకుండా ఇరవై ఫోటోలూ గబగబా తిప్పి చూశాను. బూచి లేదు, బూచి లేదు, బూచి లేదు. ఒళ్ళు మండి మొత్తం 'తప్పినవి'లోకి తోసేశాను. ఫోను పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆగస్టు 17

అక్షరాలు కూడా ఈ మధ్య కొంచెం అలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి. పుస్తకం కాగితం మంచిది కాదు.

ఆగస్టు 19

ల్యాబులో నా మైక్రోస్కోపు ఎడమ గొట్టానికి బూజు పట్టింది. శుభ్రం చేయించడానికి పంపారు. వారం పాటు కుడి కన్నొక్కదానితోనే పని. ఇంట్లో ఎలాగూ అలవాటే.

రక్తకణాలు లెక్కపెట్టే చాంబర్ తీస్తే దాని గళ్ళు వంకరగా ఉన్నాయి. నిలువు గీతలు మధ్యకి వచ్చేసరికి లోపలికి నొక్కుకుపోయాయి. ఇంకొకటి తీశాను, అదీ అంతే. లాటు మొత్తం బాగోలేదని చీటీ రాసి మూడు చాంబర్లూ తుక్కు సొరుగులో వేశాను. పెద్ద డాక్టరమ్మ వచ్చి, "గాజు మీద గీసిన గీతలు వంగుతాయా?" అని అడిగింది. మా ల్యాబులో రిపోర్టుల మీద చివరి సంతకం ఆవిడదే. ఈ రోజుల్లో సరుకు అలా ఉందండీ అన్నాను.

ఆగస్టు 21

లారీ డ్రైవరు ఒకడు, జ్వరం. ప్లేట్‌లెట్లు మిషను కాస్త తక్కువ చూపిస్తే చేత్తో లెక్కపెట్టడానికి నా దగ్గరికి వచ్చింది. పద్దెనిమిది వేలు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. పదహారు. వెంటనే ఆసుపత్రిలో చేరాలని చెప్పారు. సాయంత్రం వెళ్తూ చూస్తే వరండా బల్ల మీద సంచీ సర్దుకుని కూర్చుని ఉన్నాడు, భార్యకి ఫోనులో బండి తాళాలు ఎక్కడున్నాయో, ఎవరికివ్వాలో చెబుతున్నాడు. పిల్లల్ని ఫోను దగ్గరికి పిలవమన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

ఆగస్టు 22

డాక్టరమ్మ తనే మళ్ళీ లెక్కపెట్టింది. లక్షా పన్నెండు వేలు. ఏమీ ప్రమాదం లేదు, ఇంటికి పంపారు.

అతను నా గది దాకా వచ్చి దణ్ణం పెట్టాడు. "మీరు జాగ్రత్తగా చూడబట్టే కదమ్మా మళ్ళీ చేశారు" అన్నాడు.

రక్తం గడ్డకట్టి ఉంటుంది. తీసినవాళ్ళు ట్యూబు సరిగా కలిపి ఉండరు. అలా జరుగుతుంది.

ఆగస్టు 23

అలా జరుగుతుంది.

ఆగస్టు 30

వాన. సీసాలు మార్చలేదు. ఎడమ గొట్టం వచ్చింది. చాంబరు గీతలు తిన్నగా ఉన్నాయి. కొత్త లాటు మంచిది.

సెప్టెంబరు 6

రాయడానికి ఏమీ లేదు. బూచి పెరిగింది.

సెప్టెంబరు 14

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఆయన షాపు మూసుకుని వచ్చి, "ఆ బూచిని నన్నూ చూడనీ" అన్నారు. ఎన్నడూ అడగని మనిషి. కూర్చోబెట్టాను. చాలాసేపు చూశారు.

"ఎక్కడుంది?"

"సరిగ్గా మధ్యలో."

"మధ్యలో చెప్పులున్నాయి. బాగున్నాయి. ఇంకేం లేదు."

"మీ కంటికి అలవాటు లేదులెండి."

"సరే, నువ్వే చూడు. నేను అడిగినదానికి చెప్పు."

కన్ను పెట్టాను. ఆయన స్లైడు జరిపారు. ఉందా అన్నారు. ఉంది అన్నాను. గొట్టం తిప్పారు. తిరిగిందా అన్నారు. లేదు, అక్కడే ఉంది అన్నాను. నా పాఠం నాకే అప్పజెబుతున్నారు. ఇన్నేళ్ళుగా అన్నం దగ్గర విని విని ఆయనకూ వచ్చేసింది. నవ్వు వచ్చింది కూడా. ఆ తరువాత ఏదో చేశారు, చప్పుడు రాలేదు. వాచీలు విప్పే చేతులు కదా. చెప్పులన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడో?" అన్నారు.

"ఉంది" అన్నాను.

తల ఎత్తి చూస్తే స్లైడు ఆయన చేతిలో ఉంది.

నీళ్ళు లేవు. గాజు లేదు. ఉంది అన్నాను.

నాకే పరీక్ష పెడతారా, నేనేమన్నా నిన్నగాక మొన్న చేరిన పిల్లనా అని ఒంటికాలి మీద లేచాను. ఆయన స్లైడుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళి టీ పెట్టారు. నేను తాగలేదు.

సెప్టెంబరు 15

మాట్లాడలేదు.

సెప్టెంబరు 16

సాయంత్రం దాకా మాట్లాడలేదు. బియ్యం ఏరుతుంటే పక్కన వచ్చి కూర్చున్నారు. "ఆడవాళ్ళ చిన్న వాచీలు నేను చెయ్యట్లేదు, తెలుసా" అన్నారు.

"అదేంటి?"

"రెండేళ్ళయింది. లోపలి స్క్రూలు కనిపించట్లేదు. వచ్చినవి వచ్చినట్టు బస్టాండు దగ్గర షాపాయనకి ఇచ్చేసి, చేసినాక తెచ్చి నేను చేసినట్టు ఇస్తున్నా. ఇంట్లో చెప్పడానికి సిగ్గేసింది."

రెండేళ్ళు. ఇద్దరం రోజూ ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం, నాకు తెలియలేదు. ఎందుకు చెప్పలేదని తిట్టబోయాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఎడమ కన్ను మూసి ఆయన వైపు చూశాను. ఆయన మొహం మధ్యలో ముక్కు లేదు. చెవులున్నాయి, జుట్టుంది, ముక్కు ఉండాల్సిన చోట బూచి కూర్చుంది. జూన్ నుంచి ఇంత చిన్న పని నేను చెయ్యలేదు. ప్రతి గాజునీ అనుమానించాను.

భయమేస్తోందండీ అన్నాను. బియ్యం పళ్ళెం తీసి పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు.

సెప్టెంబరు 19

కంటి డాక్టరు మా అక్క కొడుకు వయసు ఉంటాడు. లైటు వేసి, చుక్కలు వేసి, మళ్ళీ లైటు వేసి, చివరికి కాగితం మీద బొమ్మ గీశాడు. కంటి వెనక చూపు పడే తెర ఉంటుందిట. దానికి సరిగ్గా నడిమధ్యలో చిల్లు పడిందిట.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఈ మధ్యే" అన్నాను.

నా వెంట వచ్చిన ఆయన సంచీలోంచి ఈ పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. నా ప్రాణం పోయినంత పనైంది. ఇది నేను ఎవరికీ చూపించలేదు. ఆయన చదివారా అని చూశాను. "తెరవలేదు" అన్నారు. "తారీఖులు ఉంటాయి కదా అని తెచ్చా. నువ్వే చెప్పు."

నేనే చదివాను. ఎడమ కంటితో. జూన్ 8 అన్నాను.

డాక్టరు పెన్ను ఆపి, "బూచి ఎవరు?" అన్నాడు. పేజీ అటువైపు నుంచి కనిపించినట్టుంది. చెప్పాను. మింగడం, ఉమ్మడం, ఎటు చూస్తే అటు రావడం అన్నీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "రోగం గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు" అన్నాడు. తరువాత, "జూన్లోనే వచ్చి ఉంటే" అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడు.

ఆపరేషన్ చెయ్యాలి. చేస్తే చిల్లు మూసుకోవచ్చు. ఆలస్యమైంది కాబట్టి చూపు ఎంత తిరిగి వస్తుందో చెప్పలేను అన్నాడు. చెయ్యకపోతే ఆ కంటి మధ్యచూపు ఇక రాదు. ఎడమ కంటికీ రావచ్చా అని ఆయన అడిగారు. నేను అడగలేకపోయాను. రావచ్చు, రాకపోవచ్చు, కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు.

సెప్టెంబరు 21

పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పాను. చార్టు సంగతి కూడా. చెబుతుంటే చెవులు వేడెక్కిపోయాయి. అంతా అయ్యాక, "ఒంటి కంటితో చేసిన వారంలో ఎన్ని స్లైడులు చూశావు?" అని మాత్రం అడిగింది.

నలభై ఒకటి. అన్నీ బీరువాలో ఉన్నాయి. ఇద్దరం తీశాం. ఆవిడ చూసింది, నేను పక్కన నిలబడి నంబర్లు చదివాను. పదవది సరి, ఇరవయ్యోది సరి. ముప్పై మూడోది తప్పు. స్కూలు టీచరు ఒకావిడ, మలేరియా లేదని రాశాను. ఉంది.

ఫోన్ చేశారు. జ్వరం తగ్గక ఆవిడ వేరే చోట మళ్ళీ చూపించుకుందిట, మందులు వాడిందిట, బళ్ళోకి వెళ్తోందిట. డాక్టరమ్మ ఫోను నా చేతికిచ్చింది. తప్పు నాదేనని, క్షమించమని చెప్పాను. ఆవిడ "చెప్పినందుకు థాంక్స్ అండీ" అని పెట్టేసింది. తిట్టి ఉంటే ఆ తిట్లయినా ఇంటికి తెచ్చుకునేదాన్ని.

తుక్కు సొరుగులోంచి మూడు చాంబర్లూ తీసి కడిగి పెట్టాను. ఎడమ కంటితో చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయి.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ, "కుర్చీ ఇప్పుడే ఎవరికీ ఇవ్వను" అంది. గుమ్మం దాటాక వెనక నుంచి, "చార్టు మాత్రం మారుస్తా" అంది.

అక్టోబరు 1

(ఈ పేజీ చేతిరాత నాది కాదు, ఆయనది.)

ఆమె చెబుతోంది, నేను రాస్తున్నాను. ఆపరేషన్ నిన్న అయింది. కంట్లో గాలి నింపారు, చిల్లు మీద అదిమి ఉంచడానికట. అందుకని వారం రోజులు తల కిందికి వంచే ఉండాలి. తినడం, కూర్చోవడం, పడుకోవడం అన్నీ అలాగే. ల్యాబులో ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్న పనే కదా, దీనికి డాక్టరు చెప్పాలా అంటోంది.

నేల పలకల మీద నాలుగు చీమలు పోతున్నాయని, ఒకటి కుంటుతోందని రాయమంది. నాకు కనిపించలేదు. కుంటుతోందనే రాశాను.

వెనక పేజీలు తిప్పొద్దంది. తిప్పలేదు.

ఇక్కడ ఆమె ఏడ్చింది. రాయొద్దంది.

అక్టోబరు 4

అడ్డదిడ్డంగా రాస్తున్నాను, కాగితం ఒళ్ళో పెట్టుకుని. మెడ పోయింది. నాలుగు రోజులుగా మనుషుల కాళ్ళు తప్ప మొహాలు చూడలేదు. ఆయన కాళ్ళు ఇంత పగిలి ఉన్నాయని ఇప్పుడే చూశాను. పొద్దున షాపుకి వెళ్ళకుండా నా కుర్చీ ముందు నేల మీద వెల్లకిలా పడుకుని, పైకి చూస్తూ నాతో మాట్లాడారు. గంటసేపు. ఇన్నేళ్ళ కాపురంలో గంటసేపు ఒకరి మొహం ఒకరం ఎప్పుడు చూసుకున్నామని. బస్టాండు షాపాయన గురించి, వాచీల గురించి, కొన్నాళ్ళకి గోడగడియారాలు మాత్రమే ఉంచుకుందామనుకుంటున్న సంగతి గురించి చెప్పారు. గోడగడియారాలే చాలు అన్నాను. మీ నడుం పట్టేస్తుంది లేవండి అంటే, పట్టేసింది, అందుకే లేవట్లేదు అన్నారు.

అక్టోబరు 9

తల ఎత్తమన్నారు.

కిందికి చూస్తే కంట్లో ఒకటి కనిపిస్తోంది. గుండ్రంగా, నల్లటి మందపాటి అంచుతో, నడిస్తే కదులుతూ. ఇది జీవి కాదు. గాలిబుడగ. బొమ్మ గీసి రంగులు వేసి కొత్త బ్యాచ్‌లో ఆ పిల్లకి పంపుదామనిపించింది.

అక్టోబరు 15

బుడగ సగమైంది.

అక్టోబరు 23

చిన్న పూసంత ఉంది. మధ్యాహ్నం రెండయి, సాయంత్రానికి పోయింది. ఎడమ కన్ను మూసి చూడటానికి భయమేసి చూడలేదు.

అక్టోబరు 24

చూడలేదు.

నవంబరు 5

డాక్టరు చూశాడు. చిల్లు మూసుకుంది. కొత్త చార్టులో మూడో వరుస దాకా వచ్చింది, నిజంగా చదివినవే. ఇంకో ఒకటి రెండు వరుసలు మెల్లగా రావచ్చు, గీతల వంకర మాత్రం కొంత ఉండిపోతుంది అన్నాడు. కాగితం మీద గళ్ళు చూపించాడు. మధ్యలో ఇంకా నొక్కుకుపోయే ఉన్నాయి.

డాక్టరమ్మతో మాట్లాడాను. ఇకనుంచి లెక్కపెట్టే పని నాకు లేదు, రిపోర్టు మీద నా సంతకం లేదు. స్లైడులు తయారుచెయ్యడం, కొత్తవాళ్ళకి నేర్పడం. సరేనన్నాను. బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. పోయినేడు కౌంటరుకి వెళ్ళినామె నన్ను చూసి కుర్చీ జరిపింది. మొదటిసారి ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాను.

పాఠంలో ఇంకొకటి చేర్చాలి. స్లైడు జరపండి, గొట్టం తిప్పండి, రెంటికీ కదలకపోతే కన్ను మార్చి చూడండి.

నవంబరు 24

ఆదివారం. ఫోను నిండిపోయిందని ఒకటే గొడవ చేస్తుంటే 'తప్పినవి' తీసేద్దామని కూర్చున్నాను. నాలుగు వందల పన్నెండు. మొత్తం ఒక్క దెబ్బతో పోగొట్టొచ్చు. కానీ తీసేసే ముందు, అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి ఒక్కొక్కటీ చూశాను.

ఒక్కటీ తప్పలేదు. బూచి కూర్చుందని నేను మొత్తుకున్న చోటల్లా, సరిగ్గా మధ్యలో, ఏదో ఒకటి ఉంది. నా కంటికి లేనివన్నీ అక్కడే ఉన్నాయి. జూన్ 15న మింగిందన్న చెప్పు, ఒంటి మీద వెంట్రుకలతో సహా ఉంది. జూలైలో చక్రాల నోటితో నీళ్ళు తోడుతున్న పురుగు ఉంది. అది ఆ సీసాలో ఉన్నట్టే నాకు తెలియదు.

ఆగస్టు 4 దగ్గరికి వచ్చాను.

దూదిపోగులు. వాటి మధ్య లావుపాటి చెప్పు. రెండో ఫోటోలో నడుము సన్నబడింది. ఏడోదానిలో ఇంకా సన్నబడింది. పద్నాలుగోదానిలో రెండు చెప్పులు, మధ్యలో వెంట్రుకంత దారం. పదిహేనోదానిలో దారం లేదు.

ఒకటి మింగి రెండు ఉమ్మిందని రాశాను. ఫోటోల్లో బూచి లేదని కోపంతో తోసేశాను.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి ముక్కు కారింది. ఆయన గోడగడియారం ఒళ్ళో పెట్టుకుని పని చేసుకుంటున్నవారు, ఏమైందని లేచి వచ్చారు. చెప్పలేక పద్నాలుగో ఫోటో చూపించాను. అద్దాలు పైకి నెట్టి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇదేనా నువ్వు కావాలన్నది?"

"ఇదే."

"మరి తీశావుగా."

ఫోనుని గోడగడియారానికి ఆనించి నిలబెట్టాను. ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాను. అక్టోబరు నుంచి నాకు నేనుగా చెయ్యలేని పని. దూదిపోగులు వంకరగా ఉన్నాయి. చెప్పులు రెండూ పక్కకి ఒరిగి ఉన్నాయి. మధ్యలో చూశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ దారం కనిపిస్తోందా?" అని అడిగారు.

కొంచెం వంకరగా ఉంది. ఉంది అన్నాను.